ఈలీ గోపురం, మా వంటింటి పగులు

ఇంగ్లండ్‌లోని మిల్టన్ కీన్స్‌లో కొన్న మా ఇంటి వంటగది గోడ ఈ వేసవిలో పగిలింది. మాది నల్లరేగడి ఊరు. అక్కడి మేస్త్రీలు చేసినట్టే పగులుకు అడ్డంగా సన్నటి గాజుముక్క అతికించాను. పునాది కదిలితే గాజు విరుగుతుంది. ఆరు వారాలు నిలిచిన గాజు మొన్న గురువారం విరిగి కనిపించింది. శుక్రవారం ఇంజనీరు వచ్చి చూసి, మర్నాడు మధ్యాహ్నంలోగా ఫోన్ చేస్తానన్నాడు. పునాదే కుంగితే పదేళ్ల పొదుపు పెట్టిన ఇల్లు ఇక ఎవరూ కొనరు.

శనివారం పొద్దున్న నేను గోడ ముందు నిలబడి ఉంటే, హాస్పిటల్‌లో డాక్టరుగా చేసే నా భార్య సునీత విసుక్కుంది.

"ఏమండీ, ఆ గోడకేమన్నా పెళ్లిచూపులా? డ్యూటీ రోటాలో నాకు సెలవు దొరికిందే ఒక్క శనివారం. ఎటైనా పోదాం పదండి."

ఎనిమిదింటికి బయల్దేరి, బెడ్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ మీదుగా తొమ్మిదిన్నరకు ఈలీ చేరాం. చుట్టూ బల్లపరుపు పొలాలు కావడంతో అక్కడి పాత పెద్ద చర్చి, ఈలీ కేథడ్రల్, చాలా దూరం నుంచే కనిపిస్తుంది. టవర్ టూర్‌తో కలిపి ఇద్దరికీ నలభై పౌండ్ల పైచిలుకు అయింది. లోపలికి వెళ్లగానే కనిపించే గుండ్రటి ఆర్చీలు, లావు స్తంభాలు పాతకాలపు కట్టడం. ముందుకు నడిస్తే ఆర్చీల కొసలు సూదిగా మారతాయి. అది తర్వాతి కాలపు గోథిక్ పని. ఆ రెంటి మధ్యన ఎనిమిది మూలల గోపురం ఉంది.

తెల్లజుట్టు గైడు మమ్మల్ని దాని కింద నిలబెట్టాడు. "ఇక్కడ నాలుగు స్తంభాల మీద రాతి టవర్ ఉండేది. కింద నేల కుంగి 1322లో కూలింది. మళ్లీ అదే చోట బరువు పెట్టలేదు. వెలుపలికి జరిగి, గట్టి నేల వెతికి, ఎనిమిది స్తంభాల మీద ఈ గోపురం ఎత్తారు. పైభాగం రాయి కాదు, ఓక్ చెక్క."

నూట డెబ్బై మెట్లు. ఇరుకు. పైన మనిషి కౌగిలికి అందని దూలాలు. దేవదూతల బొమ్మలున్న చెక్క తలుపులు తెరిస్తే కింద జనం చీమల్లా ఉన్నారు.

"ఇప్పుడు నేల కదలడం లేదా?" అని అడిగాను.

"ఇన్నేళ్లుగా జనాన్ని పైకి ఎక్కిస్తున్నాను. కదిలినవి నా మోకాళ్లే."

కిందికి దిగేసరికి పన్నెండు. ఫోన్‌లో ఇంజనీరు మిస్డ్ కాల్ ఉంది. బయట బెంచీ మీద కూర్చుని, స్పీకర్ పెట్టి తిరిగి చేశాను.

"పునాది బాగుంది. ఎండకు ప్లాస్టర్ విడిచింది, అంతే. గాజుకు మాత్రం ఏదో గట్టిగా తగిలింది. అంచు చితికింది."

ఫోన్ పెట్టేశాక సునీత నా వైపు చూడకుండా అంది. "బుధవారం దోసెల పిండికి గ్రైండర్ రాయి పైకి తీస్తుంటే గోడకి ఏదో టక్‌మని తగిలింది."

"చెప్పొచ్చుగా!"

"చూస్తే కదా చెప్పడానికి! గాజు మీరు పెట్టుకున్నారు, పిండి నేను రుబ్బుకున్నా."

ఇద్దరం నవ్వాం. పక్క కేఫ్‌లో సూపు, బ్రెడ్డు తిన్నాం. మూడు రోజుల తర్వాత నాకు తిండి రుచి తెలిసింది.

కూలిన చోటును వాళ్లు అంత నిదానంగా చూసి ఉండకపోతే ఆ గోపురం ఉండేది కాదు. నేను గాజును చూశాను గానీ పక్కనున్న గ్రైండర్‌ను చూడలేదు. ఇంటికొచ్చి దాన్ని గోడకు రెండడుగుల దూరం జరిపాను. వెళ్లేవాళ్లకు ఒక్క సలహా: టవర్ టూర్ ముందే బుక్ చేసుకోండి. ఏదైనా కబురు కోసం ఎదురుచూసే రోజైతే తప్పకుండా ఎక్కండి. ఆ మెట్ల మీద రెండు చేతులూ గోడకే సరిపోతాయి, ఫోన్ తియ్యడానికి కుదరదు.