నీలమ్మ చూసిన గుట్టకింది ఊరు

ఇబ్రహీంపట్నం చౌరస్తాలో చేపలమ్మే నీలమ్మకు మనుషులంటే పెద్దగా గౌరవం లేదు. మొప్ప ఎత్తి చూడకుండా చేప కొనేవాళ్ళంటే అసలే లేదు.

ఆమె భర్త సిద్దయ్య పెద్ద చెరువులో వల వేసినన్నాళ్ళు చెరువు చేప అమ్మింది. చెరువు ఎండిపోయాక సిద్దయ్య ఆదిభట్ల దగ్గర ఒక గేటు ముందు వాచ్‌మన్‌గా కుదిరాడు. నీలమ్మ కోస్తా నుంచి ఐసులో వచ్చే లారీ చేప తెచ్చుకుని అమ్మడం మొదలుపెట్టింది. పక్కన కూర్చునేవాళ్ళు అదే లారీ చేపను చెరువు చేప అని అరిచి అమ్ముకునేవారు. నీలమ్మ మాత్రం, "లారీ చేప. మూడు దినాలైంది. ఇష్టముంటె తీస్కో" అనేది. అట్లా చెప్పడం నిజాయితీ అని ఆమె అనుకోలేదు. అబద్ధం చెప్పి బతిమాలేంత విలువ ఎదుటివాళ్ళకు లేదనుకుంది, అంతే.

ఆమె కొంత గౌరవించిన మనిషి ఒక్క జంగమ్మే. ఇద్దరిదీ పుట్టినూరు రావిర్యాల. జంగమ్మ మన్నెగూడ వైపు కాపుల ఇంటికి కోడలిగా పోయింది. నాట్లు వేసి, కలుపు తీసి బతికిన మనిషి. హైదరాబాదు ఈ వైపు పొంగుకొచ్చినప్పుడు ఆమె కొడుకు దేవేందర్ మొదట తమ పొలం అమ్మాడు, తర్వాత పక్కవాళ్ళ పొలాలు అమ్మిపెట్టాడు, చివరికి తనే వెంచర్లు వేయడం మొదలుపెట్టాడు. ఇప్పుడు వాళ్ళు గేటున్న కాలనీలో విల్లాలో ఉంటారు. మోకాలి ఆపరేషన్ అయినప్పటి నుంచి జంగమ్మ నీలమ్మతో తప్ప ఎవరితోనూ స్నానం చేయించుకునేది కాదు. పొద్దున్నే చేపల బేరం కాకముందు నీలమ్మ అక్కడికి పోయి వచ్చేది.

రెండువేల పద్దెనిమిది ఎండాకాలంలో దేవేందర్ భార్య అరుణజ్యోతికి ఇటలీ మీద మనసు పడింది. కాలనీలో అందరూ పారిస్ చూశారు, స్విట్జర్లాండ్ చూశారు. ఎవరూ చూడనిది ఒకటి ఆమెకు కావాలి. ఫోనులో ఒక సముద్రపు ఒడ్డు ఊరు కనిపించింది. గుట్ట వాలులో రంగురంగుల ఇళ్ళు, కింద నాలుగు పడవలు, జనం లేరు, చప్పుడు లేదు.

"జనం లేని జాగ చూడనీకి గంత దూరమెందుకు?" అంది నీలమ్మ, జంగమ్మ కాలికి నూనె రాస్తూ. "మా ఎండిన చెరువుల కూసోర్రి. కుక్క గూడ రాదు."

అరుణజ్యోతి నవ్వింది. దేవేందర్ మాత్రం, "చిన్నమ్మా, అమ్మ నువ్వు లేంది రానంటుంది. నీకు గూడ పాస్‌పోర్టు తీపిస్త" అన్నాడు. నీలమ్మ ఒప్పుకుంది. జంగమ్మ అడిగిందన్నది ఒక కారణం. వీళ్ళు ఇంత ఎగబడి పోయేచోట ఏమీ లేదని కళ్ళతో చూసి రావాలన్నది ఇంకో కారణం.

ఆ ఊరి పేరు దేవేందర్ ఒక రకంగా, అరుణజ్యోతి ఒక రకంగా, వాళ్ళ పదో తరగతి పిల్ల సంతోషి ఇంకో రకంగా పలికేవారు. నీలమ్మ దాన్ని గుట్టకింది ఊరు అనేది. కారు గుట్ట పైనే ఆగిపోయింది. కిందికి దారి లేదు, రాతి మెట్లే. మోకాలు ఆపరేషనైన తల్లిని తీసుకుని రోడ్డు లేని ఊరికి వచ్చాడు దేవేందర్. తను పొలం కొనేముందు రోడ్డు ఎంత వెడల్పో అడగకుండా అడుగు ముందుకు వేయని మనిషి. చివరికి ఒక ప్లాస్టిక్ కుర్చీలో జంగమ్మను కూర్చోబెట్టి, ముందు ఒక ఊరి మనిషి, వెనక నీలమ్మ పట్టుకుని దించారు. దేవేందర్ సూట్‌కేసు మోశాడు. అరుణజ్యోతి వీడియో తీసింది.

ఆ వారం రోజుల్లో నీలమ్మకు నచ్చింది ఒక్కటీ లేదు. మధ్యాహ్నం కాగానే దుకాణాలు మూసి పడుకునేవారు. "గిరాకి లేకనే మూస్తున్నరా, మూసుకుంటున్నరు గనుకనే గిరాకి లేదా?" అని సంతోషిని అడిగింది. ఒడ్డున ఇసుక లేదు, గులకరాళ్ళు. వాటి మీదే బట్టలు లేకుండా పడుకుని ఒళ్ళు కాల్చుకునేవాళ్ళు ఇద్దరు ముగ్గురు. నీళ్ళు చూస్తే కనుచూపు మేర ఉన్నాయి గానీ ఒక్క గుక్కెడు తాగడానికి పనికిరావు. ఇంత నీరుండి ఇంత దండగ ఎక్కడా చూడలేదంది.

అరుణజ్యోతి రోజూ ఫోటోలు దిగింది. ఒక సందులో ఇటు గోడ నుంచి అటు గోడకు తాడు కట్టి దుప్పట్లు, లంగాలు ఆరేసి ఉన్నాయి. వాటి కింద నిలబడి పది రకాలుగా తీయించుకుంది.

"మీ కాలనీల బాల్కనీల చీరె ఆరేస్తె నోటీసు పంపిస్తరు గద?" అంది నీలమ్మ.

"అది వేరే నీలమ్మా. ఇక్కడ అందం."

"ఇక్కడోళ్ళు అందానికి ఆరేస్తలేరు. తడిసినై గనుక ఆరేసిన్రు."

దేవేందర్ సంగతి ఇంకా అన్యాయం. జనం లేని ఊరని వెతుక్కుని వచ్చి, రోజంతా జనంతోనే మాట్లాడాడు, ఫోన్లో, లౌడ్‌స్పీకర్ పెట్టి. కోహెడలో ఏదో సర్వే నంబరు తగాదా గుట్టకింది ఊరి గోడలకు తగిలి తిరిగి వచ్చేది. కిటికీలోంచి ఒక ముసలాయన తల బయటపెట్టి వేలు నోటి మీద పెట్టి చూపించాడు. దేవేందర్ ఆయనకు దండం పెట్టి మాట కొనసాగించాడు. ఫోను లేని కాసేపు నేలను అడుగులతో కొలుస్తూ తిరిగేవాడు. "ఈ గుట్ట మన దగ్గరుంటెనా..." అనేవాడు.

సుఖపడింది జంగమ్మ ఒక్కతే. మెట్ల మీద కూర్చుని నలుగురు ముసలివాళ్ళు పొడుగాటి చిక్కుడుకాయల్లాంటివి ఒలుస్తుంటే, రెండో రోజు పోయి వాళ్ళ పక్కన కూర్చుంది. మాట తెలియదు. వాళ్ళు ఇంత ఆమె ఒళ్ళో పోశారు. ఆమె ఒలిచింది. నాలుగు గంటలు కదలలేదు.

"చిక్కుళ్ళు ఒల్వనీకి ఇమానం ఎక్కి వస్తరా జంగక్కా?" అంది నీలమ్మ.

"ఈడ ఎవ్వరు ఏమడుగుతలేరే" అంది జంగమ్మ. "సంతకం వెట్టు అంటలేరు. మీ కొడుకు ఎప్పుడొస్తడు అంటలేరు."

ఆ ముసలివాళ్ళు గింజలు తీసి తొక్కలు పారేసే తీరు తప్పని నీలమ్మ వాళ్ళకు చెప్పింది, తెలుగులోనే.

ఐదో రోజు మధ్యాహ్నం అందరూ పడవల పక్కనున్న హోటల్లో భోజనానికి కూర్చున్నారు. నీలమ్మ కాస్త ఎడంగా, జంగమ్మ వెనక స్టూలు మీద కూర్చుంది. తెల్ల మీసాల హోటలాయన ఒక పెద్ద చేపను పళ్ళెంలో పెట్టి తెచ్చి అందరికీ చూపించాడు. ముద్దుపిల్లను చూపించినట్టు చూపించాడు.

"ఈ రోజు పొద్దున ఇక్కడే పట్టిందంట" అని సంతోషి చెప్పింది. దేవేందర్ తలూపాడు. అరుణజ్యోతి ఫోను తీసింది.

నీలమ్మ స్టూలు మీది నుంచి లేచి వచ్చింది. ఎవరినీ అడగలేదు. బొటనవేలితో మొప్ప ఎత్తింది. లోపల ఇటుకపొడి రంగు. కడుపు మీద వేలితో నొక్కింది. పడ్డ గుంట పడ్డట్టే ఉంది.

"నాలుగు దినాలు. ఐసుల వచ్చింది" అంది. "గీయిన గూడ లారీ చేపనే అమ్ముతుండు."

"చిన్నమ్మా, ఊకో జర. ఇజ్జత్ పోతది" అన్నాడు దేవేందర్.

"ఎవలిది? అబద్ధం చెప్తున్నది గాయిన. చెప్పు బిడ్డా, నేనన్నది ఆయనకు చెప్పు."

సంతోషికి నవ్వొస్తోంది. ఇంగ్లీషులో చెప్పింది. హోటలాయన ముఖం ఎర్రబడింది. ఏదో గట్టిగా అన్నాడు, చేతులు తిప్పాడు, సముద్రం వైపు చూపించాడు. నీలమ్మ మొప్పను ఎత్తి పట్టుకునే ఉంది. ఆయన దానికేసి చూశాడు, ఆమెకేసి చూశాడు. తర్వాత పళ్ళెం తీసుకుని లోపలికి పోయి, చిన్న చేప ఒకటి తెచ్చాడు. అది నిజంగా ఆ పొద్దుటిదే. కళ్ళు ఉబ్బి మెరుస్తున్నాయి, మొప్పలు రక్తంలా ఉన్నాయి. వాళ్ళింటి కోసం దాచుకున్నదట. నీలమ్మ ఆ గొడవ అంతటితో వదిలేసింది.

ఈమె ఎవరని ఆయన అడిగాడు. అరుణజ్యోతి ఇంగ్లీషులో జవాబు చెప్పింది. అందులో ఒక్క మాట నీలమ్మకు తెలుసు. విల్లాల గేటు దగ్గర రిజిస్టరులో ఆమె పేరు పక్కన రోజూ రాసే మాట, మెయిడ్.

"పనామెను గాను అని చెప్పు బిడ్డా" అంది సంతోషితో. "చేపలమ్ముతనని చెప్పు. నలభై ఏండ్ల సంది."

సంతోషి చెప్పింది. హోటలాయన ఒక కుర్చీ లాగి బల్ల దగ్గర వేశాడు. నీలమ్మ కూర్చుంది. అరుణజ్యోతి తన సంచీని దగ్గరికి జరుపుకుంది. చేప వండి తెచ్చాక నీలమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుని, "ఉప్పు, నిమ్మకాయ. కారం లేదు, చింతపండు లేదు. మంచి చేపను ఖరాబు చేసిండు" అని పళ్ళెం జంగమ్మ ముందుకు తోసేసింది.

తిరిగి వచ్చాక దేవేందర్ ఆ చేప సంగతి తనే పట్టుకున్నట్టు కాలనీలో చెప్పుకున్నాడు. ఆరు నెలలకు మన్నెగూడ దాటాక కొత్త వెంచర్ వేశాడు. దానికి గుట్టకింది ఊరి పేరే పెట్టాడు. బోర్డు మీద రంగురంగుల ఇళ్ళు, పడవలు. నేల మీద ఎర్రమట్టి, సున్నంతో గీసిన గీతలు, మధ్యలో నీలం టైల్స్ పరిచిన ఒక గుంట.

ప్రారంభానికి ముందురోజు జంగమ్మనూ నీలమ్మనూ కారులో తీసుకుపోయి చూపించాడు. జంగమ్మ చాలాసేపు అటూ ఇటూ చూసింది.

"సముద్రం ఏది కొడుకా?"

"వస్తదే అమ్మా. ఫేజ్ టూల."

తర్వాత అతను నీలమ్మ వైపు తిరిగాడు. రేపు ఆ గుంట పక్కన వలా గంపా పెట్టుకుని కూర్చోవాలన్నాడు. వచ్చినవాళ్ళు ఫోటోలు తీసుకుంటారు, అంతే పని.

"నీళ్ళల్ల చేపలుంటయా?" అని నీలమ్మ అడిగింది.

"చేపలెందుకు చిన్నమ్మా? నువ్వు కూసుంటె చాలు."

"చేపలు లేని కాడ గంప వెట్టుకుని కూసునెటోళ్ళను బిచ్చమడుక్కునెటోళ్ళంటరు. నీకు గావాల్నంటె నువ్వు కూసో." ఆమె కారు ఎక్కలేదు. సాగర్ రోడ్డు దాకా నడిచి బస్సు పట్టుకుంది. ఆ తర్వాత విల్లా గడప తొక్కలేదు.

మూడు నెలల్లో ప్లాట్లన్నీ అమ్ముడుపోయాయి. కొన్నవాళ్ళ మీద నీలమ్మకు జాలి కలగలేదు. విల్లాకు ఇప్పుడు చేపలు ఫోనులో ఆర్డరిస్తే వస్తాయి, కోసి, కడిగి, డబ్బాలో. జంగమ్మకు స్నానం చేయించడానికి ఏజెన్సీ నుంచి ఒక పిల్ల వస్తుంది. ఇవన్నీ నీలమ్మకు తెలుసు. ఫికర్ చేయలేదు.

ఒక్క గురువారాలు మాత్రం మధ్యాహ్నం పూట చౌరస్తాలో ఒక తెల్ల కారు ఆగుతుంది. డ్రైవరు చేయి పట్టుకుంటే జంగమ్మ దిగుతుంది. బస్సుల హారన్లు, ఆటోలు, కొబ్బరిబోండాల బండి, ఈగలు, వీటన్నిటి మధ్య బోర్లించిన ఐసు డబ్బా మీద అరగంట కూర్చుంటుంది. చేపలు కొనదు. అక్కడ ఆమెను ఎవరూ ఏమీ అడగరు.

"లే జంగక్కా. గిరాకికి అడ్డమొస్తున్నవ్" అంటుంది నీలమ్మ.

"జర ఆగు" అంటుంది జంగమ్మ.

నీలమ్మ విసుక్కుంటూ గంపను అవతలి వైపుకు జరుపుకుని, వచ్చినవాళ్ళను అటు తిరిగి రమ్మంటుంది.