ఎవరిచ్చినారప్పా?

ఇంటర్నెట్‌లో తిరిగే వైద్యాలను పెద్దవాళ్లు ఎందుకు నమ్ముతారో యూనివర్సిటీ నుంచి వచ్చిన ఒక మేడమ్ పరిశోధించేవారు. మా చిక్కపేటలో ఇల్లిల్లూ తిరిగేవారు. ఎవరినీ వెక్కిరించేవారు కాదు. "ఇది మీకెవరిచ్చినారప్పా?" అని మాత్రం తప్పకుండా అడిగి రాసుకునేవారు.

అప్పటికి నాన్న షుగరు మాత్రలు మానేసి కాకరకాయ కషాయం తాగుతున్నాడు. మడతలు పడి నలిగిన ఈమెయిల్ ప్రింటు తెచ్చి ఆవిడకు చూపించాడు.

"నా కూతురు ఇచ్చిందమ్మా. అది నాకు కానిది ఇస్తాదా?"

ఆవిడ నావైపు చూశారు. పెన్ను మూసేశారు. మాత్రలు మానొద్దని ఆవిడ ఎంత బతిమాలినా నాన్న వినలేదు.

షుగరు ముదిరి నాన్న పోయాక ఆవిడ పలకరించడానికి వచ్చారు. నోటుబుక్కు చూపించమన్నాను. నాన్న పేరుకెదురుగా 'ఎవరిచ్చారు' అన్నచోట ఖాళీగా ఉంది.

నా పేరు రాస్తాను, పెన్ను ఇవ్వమన్నాను.

ఆవిడ ఇవ్వలేదు.