బుగ్గలతో ఊదిన అంకె

మా నర్సు పద్మ చీవాట్లు తింటుంటే, తప్పు నాదని తెలిసీ రెండు వారాలు నోరు మెదపలేదు. పూటంతా సన్నాయి ఊదగలిగే నోరు ఒక్క మాట దగ్గర మూగబోయింది. ఆ ఘనకార్యం ఎంతదాకా పోయిందో చెబుతాను. నవ్వండి, నాకు తగిన శాస్తే.

నాకు ఆస్తమా. సన్నాయి వాయించేవాడికి ఆస్తమా అంటే ఈతగాడికి నీళ్ల భయం ఉన్నట్టు. బయటపడితే పెళ్లివాళ్లు పిలవరు. అయినా మా ఆరోగ్యకేంద్రంవాళ్లు నన్ను పట్టేశారు. పద్మ వారం వారం ఇంటికొచ్చి ఊపిరి బలం కొలిచే ఓ గొట్టంలో ఊదిస్తుంది. ముల్లు చూపిన అంకె డాక్టరమ్మకు ఫోనులో పంపుతుంది. దాన్నిబట్టి ఆవిడ మందు పెంచడమో, తగ్గించడమో. ముగ్గురం ఒక్క తాటి మీద నడవాలన్నమాట.

మొదటిసారి నిజాయితీగానే ఊదాను. ముల్లు సగంలోనే చతికిలబడింది.

"పర్లేదులే అన్నయ్యా," అంది పద్మ.

పర్లేదా! మూడు తరాల సన్నాయి వంశాన్ని పట్టుకుని! "ఉండమ్మా, మల్లీ ఊదుతాను," అని గాలంతా బుగ్గల్లో బూరెల్లా నింపి, నాలుకతో ఆపి, టప్పున వదిలాను. ముల్లు చివరికంటా దూకింది.

"ఓలమ్మో! మనిసివా, రైలింజనువా?"

"విద్య, తల్లీ," అన్నాను మీసం దువ్వుతూ.

డాక్టరమ్మ సంతోషించి మందు తగ్గించింది. కొన్నాళ్లకే నా ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. అంకె మాత్రం ఎప్పుడూ చివరికే. నేను బుగ్గలు మానితేగా! కేంద్రానికి వెళ్తే, డాక్టరమ్మ నా వీపు మీద స్టెతస్కోపు పెట్టి పద్మ వైపు తిరిగింది.

"ఈయన ఛాతీ ఇలా కూస్తుంటే ఈ అంకెలేమిటి? ఇంట్లో కూర్చుని రాసేస్తున్నావా?"

"లేదమ్మా, కళ్లారా సూసే రాసినాను. అన్నయ్యా, నువ్వైనా సెప్పు!"

నేను గోడమీద టీకాల బొమ్మ చూస్తూ, "మీటరు పాడైపోనాదేమో," అన్నాను. కొత్త మీటరు ఇచ్చారు. అందులోనూ అదే అంకె! ఇక పద్మ రాసిన కార్డులన్నీ తనిఖీకి తీసుకున్నారు. తప్పు తేలితే ఉద్యోగం పోతుందని ఊరంతా అనుకున్నారు. నేను విన్నాను. అంతే.

ఇంతలో ఆమదాలవలసలో పెళ్లి. తాళి ఎత్తారు. మా బావ సింహాచలం డోలు మీద గట్టిమేళం అందుకున్నాడు. నేను ఊదాను. సన్నాయిలోంచి బాతు తుమ్మినట్టు ఓ శబ్దం వచ్చింది.

"ఎవుల్రా ఆ మేకపిల్లని తొక్కినోలు?" అని అరిచింది పెళ్లికూతురి మామ్మ, అక్షింతలు చేత్తో పట్టుకునే.

బావ డోలు వదిలేసి నా సంచిలోంచి ఇన్‌హేలర్ లాగాడు. "సన్నాయి వొగ్గీ బావా, ముందు ఇది పీల్సు!"

మేళం లేకుండా, నా ఆయాసం శ్రుతి మీదే తాళి ముడిపడింది. ఊపిరి అందాక బావ అడిగాడు: "నీకు మందెవులు తగ్గించీసినారు?"

"నేనే. బుగ్గల్తో," అని జరిగిందంతా చెప్పాను.

"అయితే నీ బుగ్గలకి ఆ పిల్ల తిట్లు తిన్నాదా! సిగ్గునేదేటి నీకు?"

మర్నాడు కేంద్రంలో, రోగులందరి ముందూ, ఒకసారి బుగ్గలతో ఊదాను, ముల్లు చివరికి. ఒకసారి ఛాతీతో ఊదాను. సగం కూడా లేదు. డాక్టరమ్మ కళ్లజోడు తీసి మరీ నవ్వింది. పద్మ నవ్వలేదు.

"నా కొలువు తీసీదువు గదన్నయ్యా!"

అందరూ వింటుండగా చేతులు జోడించాను. "ఈ గొట్టం ముందు ఇక నాను విద్వాంసుణ్ణి కాను, రోగినే, ఈ బుగ్గల మీదొట్టు. అబద్ధం రాసింది నువ్వు కాదు పద్మా, ఊదింది నాను. నన్ను చమించు తల్లీ."