పొగలో వాము వాసన

బిజినేపల్లిలో నాగర్‌కర్నూల్ రోడ్డు పక్కన ముప్పై ఏళ్లుగా బండ్లు బాగుచేస్తున్న యోసేపు, ఏ బండి వచ్చినా ముందు దాని వెనక్కే వెళ్తాడు. సైలెన్సర్ దగ్గర గొంతుకూర్చుని, కళ్లు మూసుకుని పొగ వాసన చూస్తాడు. పచ్చి డీజిల్ కంపైతే నాజిల్, మాడిన ఆయిల్ వాసనైతే పిస్టన్ రింగులు, తియ్యగా ఉంటే రేడియేటర్‌లోని కూలెంట్ ఇంజన్‌లోకి దిగుతున్నట్టు. ఆ తర్వాతే పానా పట్టుకుంటాడు.

మొన్న పొద్దున చెన్నయ్య డీజిల్ ఆటో దగ్గుకుంటూ వచ్చి ఆగింది.

"అన్నా, జర చూడు. ఎత్తు ఎక్కుతలేదు, నడిమిట్ల ఆగిపోతుంది."

యోసేపు వాసన చూశాడు. ముక్కు తుడుచుకుని మళ్లీ చూశాడు. నోట్లో నీళ్లూరాయి! ఏ బండి పొగకూ ఆయనకు ఇన్నేళ్లలో ఆకలి వేయలేదు. ముక్కే చెడిపోయిందేమోనని అనుమానమొచ్చింది. పెట్రోలు సీసా మూత తీసి చూశాడు. పెట్రోలు వాసనే వచ్చింది.

"ట్యాంకుల ఏం పోసినవ్?"

"డీజిలే అన్నా. నీ మీద ఒట్టు."

"నా మీద ఎందుకు ఒట్టేస్తవ్? నాకు పిల్లలున్నరు."

మరోసారి వంగాడు. ఈసారి నూనెలో వేగిన శనగపిండి వాసన పట్టుకున్నాడు, దాని వెనక సన్నగా ఇంకేదో తగిలింది. వాము! మిర్చి బజ్జీల్లో అంత వాము కూరేది ఊరు మొత్తంలో ఒక్కతే. బస్టాండు దగ్గర మిర్చి బండి పెట్టిన సుభద్రమ్మ, సాక్షాత్తూ చెన్నయ్య భార్య. యోసేపు వెంటనే ఫోన్ చేశాడు.

"చెల్లె, మిర్చీలు కాల్చిన నూనె ఏమన్న మాయమైందా?"

"అయింది అన్నా! మూడు దినాల సంది దేవులాడుతున్న. పక్క బండి జమ్ములమ్మ తీసిందని ఆమెతోటి మాటలే బంద్ జేసిన. నీకెట్ల తెల్సె?"

చెన్నయ్య తల దించుకున్నాడు. "బయటి దేశాలల్ల గట్లనే నడుపుతరని ఫోన్‌ల జూసిన..."

"వాళ్లు శుభ్రం జేసి పోస్తరు. నువ్వు మిర్చి తొడిమెలతోటి పోసినవ్!"

ఫిల్టర్ విప్పితే నిజంగానే నల్లటి పిండి ముద్ద. ట్యాంకు కడిగి, ఫిల్టర్ మార్చేసరికి మధ్యాహ్నమైంది. ఈలోగా ఫోన్‌లో సంగతంతా విన్న సుభద్రమ్మ జమ్ములమ్మ దగ్గరికి వెళ్లి తప్పు ఒప్పుకుంది. జమ్ములమ్మ ఊరికే కరగలేదు.

సాయంత్రం యోసేపు ఇంటికి పోతూ చూస్తే, రెండు బండ్లకూ కలిపి చెన్నయ్యే ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. కళ్ల నీళ్లు ధారగా కారుతున్నాయి. యోసేపు జాలిపడలేదు. అక్కడే నిలబడి వేడివేడిగా నాలుగు మిర్చీలు తిన్నాడు.