వేడెక్కిన స్పీకరు

నిన్న మా హోసూరు ఫ్యాక్టరీలో ఒక మోటరు కాలిపోయింది. ఆ వాసనకు కెలమంగలంలో మా నాయన మైక్ సెట్ గుర్తొచ్చింది.

నాయన దాన్ని పెళ్లిళ్లకు అద్దెకు ఇచ్చేవాడు. నా చిన్నప్పుడు ఒక మధ్యాహ్నం మా వీధి పెళ్లిలో, "ఇంకొంచెం సౌండు పెట్టప్పా, సూళగిరి దాకా ఇనపడాల" అన్నారు పెళ్లివారు.

"బాక్సు తట్టుకోదప్పా" అంటూనే పెంచాడు. మళ్లీ అడిగారు, మళ్లీ పెంచాడు. పాట బొంగురుపోయింది. కాసేపటికి జుట్టు కాలినట్టు వాసన వచ్చి, స్పీకరు మూగబోయింది.

నాయన దాన్ని విప్పి ఒడిలో పెట్టుకున్నాడు. వెనక అయస్కాంతం ముట్టుకుంటే నా వేలు చుర్రుమంది. దానికి జ్వరమొచ్చిందనుకున్నాను. ఎండాకాలంలో అమ్మ పట్టుపురుగుల గదికి తడి గోనెసంచులు కట్టేది. గది చల్లబడితే, మేత మానేసిన పురుగులు మళ్లీ ఆకు తినేవి. అందుకే ఇంటికి పరుగెత్తి ఒక సంచి తడిపి తెచ్చి స్పీకరుకు కప్పాను.

"లోపల తీగ కాలిపోయిందమ్మా. పైన తడిపితే ఏమొస్తాది" అన్నాడు నాయన. సంచి మాత్రం తీయలేదు.

"మరి ఎందుకు పెంచినావు నాయనా?"

"అడిగినారు కదమ్మా."

నిన్న ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టుకు కూడా ఉండమంటే ఉండి, ఈ పొద్దున ఇంటికొచ్చి పడుకున్నాను. ఒళ్లు కాలుతోందని మా పాప తడిగుడ్డ తెచ్చి నా నుదుటి మీద వేసింది.

"అంతసేపు ఎందుకుండినావమ్మా?" అంది.

"అడిగినారు కదా" అన్నాను. గుడ్డ తీయలేదు.