మామయ్యగారు ‘ఊ’ అన్న రోజు

మామయ్యగారు పోయారన్న కబురు వచ్చినప్పుడు నేను కొత్తపేటలో ఒకరింటికి గుమ్మం నిలబెడుతున్నాను. ఫోన్ చేసింది మా ఆయన. “నాన్న లేవట్లేదు, నువ్వొచ్చెయ్” అన్నారు. అంతా అయిపోయిందని ఆ గొంతులోనే తెలిసింది. పొద్దున నేను బయల్దేరేటప్పుడు అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్న మనిషి. అక్కడే, ఆ పేపరు ఒళ్లో ఉండగానే పోయారట. పెద్దకర్మ అయింది. ఇవాళ షెడ్డు తలుపు తీశాను గానీ ఉలి పట్టుకోబుద్ధి కాలేదు. అందుకని ఇది రాస్తున్నాను.

మీలో చాలామందికి ఆయన తెలియదు. మా ఊళ్లో వడ్రంగి మేస్త్రి. పనివాళ్లంతా ఒక్కొక్కరే హైదరాబాదు ఫర్నిచర్ షాపులకు వెళ్లిపోయారు. మా ఆయనది కరెంటు పని, చెక్కంటే గిట్టదు. పెళ్లయిన ఏడాదికి, చిత్రిక పట్టేటప్పుడు పలక కదలకుండా పట్టుకునే మనిషి లేక మామయ్యగారు అవస్థ పడుతుంటే వెళ్లి పట్టుకున్నాను. అలా మొదలైంది. కోడలి చేత చాకిరీ చేయిస్తున్నాడని వీధిలో అన్నారు. ఒకావిడ ఆయన మొహం మీదే అడిగేసింది. “చేయించడం లేదండి, నేర్పుతున్నాను” అన్నారాయన, తల ఎత్తకుండానే.

పనిలో ఉంటే మాట్లాడేవారు కాదు. ఇంకో చెక్క కొస దూరడానికి నలుపలకల బెజ్జం కొట్టేటప్పుడు చెక్కను తొడ కింద నొక్కిపెట్టి, ఉలి ఆనించే ముందు గీత మీద ఒకసారి ఊదేవారు. అక్కడ దుమ్మున్నా లేకపోయినా ఊదేవారు. ఎవరైనా షెడ్డులోకి వస్తే మాత్రం మర్యాదకు లోటుండేది కాదు. “రండి రండి, కూర్చోండి. ఆ బల్ల మీద కాదండి, అదింకా ఆరలేదు.”

పొగడడం ఆయనకు రాదు. నేను కొట్టిన బెజ్జంలో చిటికెనవేలు పెట్టి గోడలు తడిమి చూసేవారు. బాగాలేకపోతే ఏమీ అనకుండా చెక్క పక్కన పెట్టేసేవారు. బాగుంటే “ఊ” అనేవారు. మొదటి ‘ఊ’ వినడానికి నాకు మూడేళ్లు పట్టింది. ఆ రోజు మా అమ్మకు ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాను. ఆవిడకు ఏమీ అర్థం కాలేదు.

రెండేళ్ల కిందట పక్క ఊళ్లో కొత్తగా చర్చి కడుతూ, ఆ సంఘ పెద్ద మా షెడ్డుకు వచ్చారు. కూర్చునే బల్లలు ఇరవై నాలుగు కావాలి, రెండు నెలల్లో ప్రతిష్ఠ. బల్లకు పన్నెండు బెజ్జాలు. ఆయన వెళ్లాక మామయ్యగారు, “బెజ్జాలు కొట్టే మిషన్ కొందామా అమ్మాయ్?” అన్నారు.

మిషన్ వద్దని ఆయన పంతం పడతారనీ, కొనమని నేను పోరాలనీ మీరు అనుకుంటారు. కానీ తిరగబడి జరిగింది. నేనే వద్దన్నాను. “చేత్తోనే కొడదాం మావయ్యగారూ. నేనున్నాను కదండీ” అన్నాను. నిజం చెప్పాలంటే, మూడేళ్లు కష్టపడి నేర్చుకున్నది ఒక మీట నొక్కితే అయిపోతుందంటే నాకు మింగుడుపడలేదు.

ఆయన “ఇటు చూడు” అని కుడిచెయ్యి పైకెత్తారు. భుజం దాకా లేచి ఆగిపోయింది.

“ఇంతకంటే లేవదు. రెండేళ్ల నించీ తల ఎడంచేత్తో దువ్వుకుంటున్నాను. నువ్వు చూళ్లేదు.”

నిజమే. రోజూ పక్కనే ఉండి కూడా నేను చూడలేదు.

“నలభై ఏళ్లు సుత్తి దెబ్బలు చెక్కకే తగిలాయనుకున్నావా? నీ భుజం కూడా ఇలా అయ్యాక, పని వచ్చు అని ఎవరికి చెప్పుకుంటావమ్మా?”

అయినా నేను ఒప్పుకోలేదు. “ముందు చూసొద్దాం, కొనేది తర్వాత” అన్నారాయన.

మర్నాడు రాజమండ్రి బయల్దేరాం. ఆయన సంచిలో పాత టేకు ముక్క ఒకటి పెట్టుకున్నారు, మధ్యలో రాయిలాంటి ముడి ఉన్నది. షాపతను మెత్తటి చెక్క తీసి మిషన్ ఆడించి చూపించబోయాడు. మామయ్యగారు నవ్వారు.

“ఆ చెక్కలో అయితే మా అమ్మాయి వేలితో కూడా బెజ్జం పెడుతుందండి. దీంట్లో కొట్టి చూపించండి.”

పిడి లాగగానే నలుపలకల ఉలి చెక్కలోకి దిగింది, దాని నడుమ చెక్కను తొలిచే బరమా గిర్రున తిరుగుతోంది. ముడి దగ్గర పొగొచ్చింది. “ఒక్కసారే దింపకండి. కొంచెం దింపి, పైకెత్తి, పొట్టు రాలనివ్వండి” అని మామయ్యగారే అతనికి చెప్పారు. అతను అలాగే చేశాడు. మిషన్ ఆగాక ఆయన చిటికెనవేలు లోపల పెట్టి నాలుగు గోడలూ తడిమారు.

“ఊ” అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. ఎవరికైనా చెబితే నవ్వుతారు గానీ, ఒక ఇనప సామాను మీద నాకు కుళ్లు పుట్టింది. బస్సెక్కాక కూడా ఆయనతో మాట్లాడలేదు. ధవళేశ్వరం బ్యారేజీ మీదికి వచ్చేసరికి ఆయనే కదిపారు.

“దానికీ ఊ అన్నాననా?”

“మూడేళ్లు ఎదురుచూశానండి నేను.”

“మూడేళ్లు నువ్వు పాడుచేసినవన్నీ నీ చేతికి గుర్తుంటాయి. చెడగొట్టినవాళ్లకే మంచిదేదో తెలుస్తుంది. అది కొట్టింది సరిగ్గా ఉందో లేదో చూడాలంటే ఎవరు చూస్తారు? నేను ఎల్లకాలం ఉంటానా?”

కిటికీలోంచి గోదావరి గాలి కొడుతోంది. ఆయన ఎడంచెయ్యి ముందు సీటు కడ్డీ పట్టుకుని ఉంది, కుడిచెయ్యి ఒళ్లో పడి ఉంది. “కొందామండి” అన్నాను.

కొన్నాం. మూడో రోజు నేను ఘనకార్యం చేశాను. బల్లకాళ్లకు బెజ్జాలు కొడుతూ, చెక్క ఆనించే అడ్డుపట్టీ అరంగుళం జరిగిందని గమనించలేదు. మధ్యాహ్నానికి ఇరవై రెండు కాళ్లు అయ్యాయి. ఇరవై రెండూ తప్పే. అడ్డచెక్క దూర్చి చూద్దామని ఒక కాలు తీసుకుంటే అప్పుడు బయటపడింది. ప్రతిష్ఠకు గడువు రెండు నెలలే, చెక్కంతా వాళ్లు తెచ్చి ఇచ్చింది.

మామయ్యగారు ఒక్కొక్క కాలూ తీసి చూశారు. తిట్టలేదు.

“ఉలి తప్పుచేస్తే ఒక చోట చేస్తుంది. ఇది ఎన్ని పెడితే అన్నీ చేస్తుంది. ఒకదాంట్లో అడ్డచెక్క దిగాకే రెండోది కొట్టాలమ్మా.”

సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని ఆ సంఘ పెద్ద ఇంటికి వెళ్లారు. నా పేరెత్తలేదు. “మా వల్ల పొరపాటు జరిగిందండి. కాళ్లకు వేరే చెక్క మేమే వేస్తాం. పాడైనవాటిని పొట్టిగా కోసి మీ సండే స్కూలు పిల్లలకు పీటలు చేసిస్తాం” అన్నారు. పెద్దాయన తల ఊపి, “పిల్లలు ఇప్పటిదాకా కిందే కూర్చుంటున్నారండి” అన్నారు. తిరిగి వస్తుంటే నేను, “నేను చేశానని చెప్పాల్సిందండి” అన్నాను. “షెడ్డులో తప్పు షెడ్డుది. ఎవరిదో బయటివాళ్లకెందుకు?” అన్నారు.

గడువుకు రెండు రోజుల ముందే బల్లలు అందించాం. ఆయన పోయేదాకా మళ్లీ సుత్తి పట్టనివ్వలేదు నేను. భుజం మాత్రం బాగుపడలేదు. ఆ మిషన్ నాలుగేళ్ల ముందు కొని ఉంటే ఎలా ఉండేదోనని ఇప్పటికీ అనిపిస్తుంది. ఆయనతో అంటే, “అప్పుడు నువ్వు ఉలి నేర్చుకునేదానివా?” అనేవారు. రెండింట్లో ఏది నయమో నాకు ఈ రోజుకీ తేలలేదు.

ప్రతిష్ఠ రోజు మమ్మల్నీ పిలిచారు. చర్చి నిండిపోయింది. నేను ఆడవాళ్ల వైపు, మామయ్యగారు మగవాళ్ల వైపు చివరి బల్ల మీద. ఇస్త్రీ చొక్కా, భుజం మీద తువ్వాలు. అందరితో పాటు లేచి నిలబడ్డారు, అందరితో పాటు కూర్చున్నారు. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టారు. అందరూ కళ్లు మూసుకుని తలలు వంచారు. నేను ఒక కన్ను తెరిచి అటు చూశాను. మామయ్యగారు బల్ల అంచు పట్టుకుని, ఎవరికీ తెలియకుండా, కుడివైపుకొకసారి ఎడమవైపుకొకసారి బరువు వేసి ఊగి చూస్తున్నారు.