మూడో స్థానం కోసం ఒక కాయితం

ఫిల్మ్‌నగర్ వాలు దిగే నీళ్ళ ట్యాంకర్ల వెనక బ్రేకులు కాలిన వాసన వస్తుంది. ఇనుమూ రబ్బరూ కలిసి మాడినట్టు ఉంటుంది. మొన్న ఉదయం ఒక ట్యాంకరు రోడ్డుకు మధ్యలో దిగుతూ, వెనక ఎన్ని హారన్లు మోగినా పక్కకు తప్పుకోకుండా, మలుపు దాకా ఆ వాసన వదులుతూనే పోయింది. దాని నంబరు గుర్తుపెట్టుకున్నాను. అద్దం ఎత్తెయ్యమని పక్క సీట్లోంచి అమ్మ రెండుసార్లు అంది. నేను ఎత్తలేదు. ఈ వాసనను ఇష్టపడే మనిషిని నా జీవితంలో ఒక్కరినే చూశాను, ఆయన పోయిన తర్వాత దాన్ని వద్దనడానికి నాకు మనసు రావడం లేదు.

యాదగిరి గారికి ఫిల్మ్‌నగర్‌లో ఒక డబ్బింగ్ థియేటర్ ఉండేది. నేను అందులో గొంతు ఇచ్చేదాన్ని. తెర మీద పెదవులు కదిపేది హీరోయిన్, మాట నాది. ఆయన సొంత ఊరు ఇదే. ఈ కొండల మీద బంగళాలు లేని రోజుల్లో రాళ్ళూ సీతాఫలం చెట్లూ తప్ప ఏమీ ఉండేవి కావట. "మా తాత గీడ మేకలు కాసిండు, నేను హీరోయిన్ల గొంతులు కాస్తున్న" అని కొత్తవాళ్ళందరికీ చెప్పి తనే నవ్వేవారు. ఇస్త్రీ చేసిన పొట్టిచేతుల చొక్కా, మందపాటి కళ్ళద్దాలు. బ్యాంకులో పనిచేసే మనిషనుకుంటారు చూస్తే. కానీ హెడ్‌ఫోన్లు పెట్టే అలమరలో, వాటి పక్కనే, గీతలు పడిన తెల్ల హెల్మెట్ ఒకటి ఉండేది. ఏడాదిలో రెండు మూడు సార్లు పొరుగు రాష్ట్రంలోని రేసు సర్క్యూట్‌కి వెళ్ళి, మామూలు జనం తమ కార్లు తెచ్చుకుని నడుపుకునే రోజుల్లో ఆయన స్ప్రింట్ పోటీలకు దిగేవారు. జూబ్లీహిల్స్ పెద్దిళ్ళ అబ్బాయిలు అక్కడికి తెచ్చేవి విదేశీ కార్లు. ఈయనది సంతకు వెళ్ళే చిన్న కారు. బరువు తగ్గుతుందని అందరూ వెనక సీటు పీకేస్తారు. ఈయన పీకలేదు, ఎందుకంటే ఆయన భార్య విమలక్క అందులో కూర్చుని రావాలి.

నేను ఆయనకు తెలిసేటప్పటికే నా దగ్గర ఫిర్యాదులు చాలా ఉన్నాయి. వాటిలో పెద్దది టైటిల్స్‌ది. ఒక సినిమా మొత్తానికి హీరోయిన్ గొంతు నాదే. ఏడుపు సీన్ల కోసం నా గొంతు వారం రోజులు బొంగురుపోయింది. సినిమా విడుదలయ్యాక చూస్తే టీ ఇచ్చిన అతని పేరు ఉంది, నా పేరు లేదు. ప్రొడక్షన్ మేనేజర్‌ని అడిగాను. చూద్దామన్నాడు. మళ్ళీ అడిగాను. తర్వాత కొన్ని నెలలు వాళ్ళ ఆఫీసు నుంచి పిలుపు రాలేదు. శ్రీనగర్ కాలనీలో మా ఇంట్లోవాళ్ళూ, తోటి ఆర్టిస్టులూ, అందరిదీ ఒకటే మాట: పోనీలే. ఆ మాట అన్న ప్రతివాళ్ళూ నాకు ఇప్పటికీ గుర్తున్నారు.

కారు సంగతి మొదలైంది కూడా ఒక అవమానంతోనే. జూబ్లీహిల్స్‌లో ఒక నిర్మాత ఇంటికి నా కారులో వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి ముందూ వెనకా కార్లు పెట్టేశారు. ఆ ఇంటి డ్రైవరు వచ్చి, మేడం మీ వల్ల కాదు, తాళాలివ్వండి, నేను తీస్తానన్నాడు. ఇవ్వలేదు. నేనే తీశాను, ఎక్కడా గీత పడలేదు. అయినా అతను తాళాల కోసం చాచిన చెయ్యి నా కళ్ళముందు నుంచి పోలేదు. మర్నాడు థియేటర్లో ఈ కథంతా యాదగిరి గారికి చెప్పాను. ఆయన పోనీలే అనలేదు. అయ్యో అని కూడా అనలేదు. గట్టిగా బ్రేకు ఎన్నడన్నా కొట్టినవా, అని అడిగారు. అవసరం రాలేదన్నాను. ఆదివారం రమ్మన్నారు.

ఆ ఆదివారం నుంచి కొన్ని వారాలు ఊరి చివర ఒక ఖాళీ మైదానంలో ప్లాస్టిక్ కోన్లు పెట్టి నాచేత కారు తిప్పించారు. పక్క సీట్లో కూర్చుని ఆయన అరిచేవారు కాదు. చూపు ఎక్కడుంది అని మాత్రం అడుగుతూ ఉండేవారు. నా చూపెప్పుడూ కారు ముక్కు దగ్గర ఉండే కోను మీదే. ఒకరోజు కారు ఆపించారు.

"హీరోయిన్ నోరు తెరిచినంక నువ్వు మాట మొదలువెడ్తవా?"

"లేదు సార్. అప్పటికే ఆలస్యమవుతుంది. ఆమె ఊపిరి తీసుకునేటప్పుడే పట్టుకోవాలి."

"మలుపు గూడ గంతే. నోరు తెరిచినంక చూస్తున్నవ్ నువ్వు."

ఆ తర్వాత నాకు మలుపులు అర్థం కావడం మొదలైంది. నాకు ముందే వచ్చిన పనితో పోల్చి కొత్త పని నేర్పిన మనిషి ఆయన ఒక్కరే. నేను ఏమీ రానిదాన్నన్నట్టు ఆయన ఎప్పుడూ మొదలుపెట్టలేదు.

మొదటిసారి సర్క్యూట్‌కి వెళ్ళినప్పుడు ముగ్గురం ఆయన చిన్న కారులోనే వెళ్ళాం. దారి పొడుగునా విమలక్క వెనక సీట్లోంచి సజ్జ రొట్టెలు అందిస్తూనే ఉంది. స్ప్రింట్‌లో కార్లన్నీ ఒకేసారి పరిగెత్తవు. ఒక్కో కారు ఒంటరిగా గడియారంతో పోటీ పడుతుంది. ఒకే కారును ఇద్దరు వంతులవారీగా నడపవచ్చు. ఆయనదీ నాదీ ఒకటే కారు, ఒకటే చిన్న కార్ల విభాగం. ఇద్దరికీ రెండేసి పరుగులు, మెరుగైనదే లెక్క. కారు మీద నెపం వెయ్యడానికి ఇద్దరికీ లేదని విమలక్క ముందే హెచ్చరించింది.

నా మొదటి పరుగు పాడైంది. మా థియేటర్లో లైటు వెలిగిందంటే రికార్డింగు మొదలైనట్టే, ఆ క్షణంలో మాట పడాలి. ఆ అలవాటుకొద్దీ స్టార్ట్ దగ్గర పచ్చలైటు పడగానే ఉలిక్కిపడి క్లచ్ వదిలేశాను. ఇంజిన్ ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేసి వెళ్ళానుగానీ, ఆ కంగారులో ప్రతి మలుపునూ ఆలస్యంగానే పట్టుకున్నాను. గట్టు మీద నిలబడ్డ ఒక పెద్దింటి అబ్బాయి, ఆంటీ, ఇది సిగ్నల్ కాదు, అన్నాడు. పక్కవాళ్ళు నవ్వారు. అతను వేసుకున్న చొక్కా రంగు కూడా చెప్పగలను.

కారు దిగాక యాదగిరి గారు మంచినీళ్ళు ఇచ్చి నెమ్మదిగా చెప్పారు: "లైటు పడ్డదంటే తొవ్వ ఖాళీగున్నదని, బిడ్డా. పొమ్మని కాదు. నీ చక్రం గీత దాటినంకనే గడియారం మొదలైతది. అందాక టైమంతా నీదే. జర ఊపిరి తీస్కో."

రెండో పరుగుకు లైటు పడ్డాక కూడా ఆగాను. వెనక ఎవరో హారన్ కొట్టారు. అయినా ఆగాను. మొదటి మలుపు, దాని తర్వాతి మలుపు మనసులో కనిపించాక కదిలాను. అప్పటిదాకా నాకు తెలిసిన పనులన్నిటిలో మొదలుపెట్టే హక్కు ఇంకొకరిది. ఆ పరుగులో నేను ఎవరి మీదా కోపంగా లేను. అలా లేనని ఆఖరి మలుపులో గమనించి ఆశ్చర్యపోయాను. ఇంజిన్ అరుస్తున్నా నాకు నా ఊపిరి వినిపిస్తూనే ఉంది.

సాయంత్రం ఫలితాలు బోర్డుకు అంటించారు. చిన్న కార్ల విభాగంలో మూడో స్థానం యాదగిరి గారిది. అన్నేళ్ళ పోటీల్లో ఆయనకు కప్పు వచ్చే మొదటి మూడింట్లో చోటు దొరకడం అదే మొదలు. ఆ జాబితాలో నా పేరు లేదు. అడుగున విడిగా, మహిళల విభాగం అని ఒక శీర్షిక. దాని కింద నా పేరు, మొదటి స్థానం. ఆ రోజు అక్కడ పోటీపడ్డ ఆడమనిషిని నేను ఒక్కదాన్నే. నాకిచ్చే పూలగుత్తి పొద్దున్నే వచ్చి నీళ్ళ బకెట్లో ఉంది. నేను దరఖాస్తులో అడిగింది చిన్న కార్ల విభాగం. నా టైము చూశాను. యాదగిరి గారి టైము కంటే రవ్వంత తక్కువ.

ఫలితాల మీద అభ్యంతరం ఉంటే అరగంటలోపు రాసివ్వాలి. కాయితం అడిగి తీసుకుని, కారు బానెట్ మీద పెట్టి రాయడం మొదలుపెట్టాను. రాస్తుంటే టైటిల్స్ సంగతి వచ్చింది. తాళాల కోసం చెయ్యి చాచిన డ్రైవరు వచ్చాడు. గట్టు మీద అబ్బాయి, పూలగుత్తి, బకెట్ అన్నీ వచ్చాయి. కాయితం రెండు వైపులా నిండింది. యాదగిరి గారు కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, దగ్గరగా పెట్టుకుని మొత్తం చదివారు. పోనీలే అంటారని నేను బిగుసుకుని ఉన్నాను.

"ఇందుల గీ దినం జరిగింది ఎంత?" అన్నారు.

చివరి నాలుగు వాక్యాలు చూపించాను.

"గదే రాయి. కడమయి ఇడిచిపెట్టమంటలేను. ఏదీ ఇడ్వకు. కానీ దేని కాయిదం దానికి, బిడ్డా. అన్నీ ఒక్కదాంట్ల వెడితే చదివెటోనికి నువ్వొక్కదానివే కనవడ్తవ్, జరిగింది కనవడది."

నేను కొత్త కాయితం తీసుకున్నాను. అప్పుడే బోర్డు మీది మూడో పేరు మళ్ళీ గుర్తొచ్చింది. సార్, నన్ను ఇందులో కలిపితే మీరు నాలుగో స్థానానికి పోతారు, అన్నాను.

"నాకు లెక్క రాదనుకున్నవా?" అన్నారాయన, కొంచెం విసుగ్గానే. "టైమైపోతున్నది, రాయి."

నాలుగు వాక్యాలు రాశాను. ఆయన సంతకం పెట్టలేదు, నాతో గదిలోకి రాలేదు కూడా. నీ ముచ్చట నువ్వే చెప్పుకోవాలె అని బయటే ఉండిపోయారు. లోపల ఉన్న అధికారి నెల్లూరు వైపు మనిషి, చెడ్డవాడేం కాదు. కాయితం చదివి, నా వైపు జాలిగా చూశాడు.

"ఫస్ట్ ఇస్తుంటే థర్డ్ కావాలంటారేంటమ్మా?"

"అక్కడ నా వెనక ఎవరూ లేరండీ. ఇక్కడున్నారు."

అధికారి నా దరఖాస్తు తెప్పించి చూశాడు. ఆడవాళ్ళు దరఖాస్తు చేస్తే విడిగా వెయ్యడం మా అలవాటండీ, నియమం అని కాదు, అన్నాడు. మరి అలవాటు మీద అభ్యంతరం ఎక్కడ రాసివ్వాలని అడిగాను. పెన్ను మూత తీశాడు. తర్వాత బయటికి వచ్చి, బోర్డు మీద యాదగిరి గారి పేరు పక్కన మూడు కొట్టేసి నాలుగు వేసి, పైన నా పేరు చేత్తో రాశాడు. ఆ చేతిరాత అంత బాగాలేదు. మిగతా పేర్లన్నీ అచ్చులో ఉన్నాయి, నాదొక్కటే చేత్తో. ఆ మాట కూడా అందామనుకుని, అది వేరే కాయితమని ఊరుకున్నాను.

యాదగిరి గారు మహానుభావుడిలా నవ్వుతూ నా తల నిమిరారని రాస్తే అబద్ధమవుతుంది. తిరుగు ప్రయాణంలో విమలక్క రొట్టె ఇస్తే వద్దన్నారు. ఇన్నేండ్లకు ఒక కప్పు ఇంటికొస్తదనుకుంటే నువ్వే దాన్ని ఎనుకకు పంపినవ్ అని ఆమె ఆయన్ని ఆటపట్టించింది. ఊరు దగ్గర పడుతుండగా, అడగకుండానే, మూడో మలుపుల బ్రేకు జల్ది కొట్టిన, లేకుంటే నీకు దొరకకపోదును, అన్నారు. తర్వాత రొట్టె అడిగి తిన్నారు. తరువాతి పోటీలో నన్ను దాటారు. దాటినందుకు థియేటర్లో అందరికీ జిలేబీ పంచి, ఎందుకో కూడా చెప్పారు. ఆ జిలేబీ నేను కూడా తిన్నాను, కానీ మరిచిపోలేదు.

ఆయన చెప్పినట్టే నా ఫిర్యాదులు వేటికవి విడదీశాను. టైటిల్స్ సంగతికి ఒక కాయితం, అందులో ఆ ఒక్క సినిమా, ఆ ఒక్క మాట. అది పట్టుకుని నిర్మాత దగ్గరికే వెళ్ళాను. ఆ సినిమాకు ఏమీ జరగలేదు. తర్వాతి సినిమాకు నా పేరు పడింది. చిన్న అక్షరాల్లో, అయినా పడింది. ఇంకో రెండు ఆఫీసులకూ అలాగే వెళ్ళాను. ఒకచోట పని పోయింది, ఇంకోచోట దొరికింది. సర్క్యూట్‌లో తర్వాతి ఏడాది నుంచి దరఖాస్తులో ఏ విభాగం కావాలో ఆడవాళ్ళను అడగడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఒక్కోసారి ఐదారుగురం ఉంటాం, అందరం మగవాళ్ళ పేర్ల మధ్యే, మా టైములు ఎక్కడ పడితే అక్కడ.

చూపు మందగించాక యాదగిరి గారు నడపడం మానేశారు. చివరి వరకూ గట్టు మీద కూర్చుని, నా బ్రేకుల చప్పుడు విని ఏ మలుపులో తప్పు చేశానో చెప్పేవారు. ఆయన పోయాక ఆ చిన్న కారు విమలక్క నాకిచ్చింది. ఆ సర్క్యూట్‌లో ఆ కారు పరిగెత్తిన అతి తక్కువ టైము ఇప్పటికీ ఆయనదే, జిలేబీలు పంచిన రోజుది. పోయిన పోటీలో దాని అంచుదాకా వెళ్ళాను. విమలక్క ఫోన్ చేసి దాటినవా అని అడిగింది. లేదక్కా, కారు పాతబడింది అన్నాను. కారు మీద పెట్టకు, ఆయన వింటే నవ్వుతడు అంది.

దాటినా వినడానికి ఆయన లేరు, నా ఫిర్యాదుల్లో కాయితం రాయడానికి వీల్లేనిది ఇదొక్కటే. ఎవరికివ్వను? చలికాలంలో మళ్ళీ పోటీ ఉంది. పేరిచ్చాను, చిన్న కార్ల విభాగంలో. బ్రేకులు కొత్తవి వేయిస్తున్నాను, మూడో మలుపు దగ్గర ఆయన కంటే ఆలస్యంగా కొట్టాలి.